అరుగు మీద అయ్యగారు

ఈ సభకు పెద్దగా కూర్చున్న పంచాయతీ ప్రెసిడెంటు నారాయణమూర్తిగారికి, మన సంఘపెద్దలకు, రాజాంలో బస్సు దిగి ఇంత ఎండలో నడిచి వచ్చిన బంధువులకు, ముందు చాపల మీద కూర్చుని నేనింకా నోరు తెరవకుండానే నవ్వుకుంటున్న మా ఆడవాళ్లకు, అందరికంటే మిన్నగా, ఈ పూటతో మన సంఘం సేవ నుంచి విశ్రాంతి తీసుకుంటున్న పాస్టరు డేవిడ్‌రాజు అయ్యగారికి, అమ్మగారికి నమస్కారాలు. బడిలో పాఠాలు చెప్పుకునే లీలారాణిని పిలిచి రెండు ముక్కలు మాట్లాడమన్నారు. నేను రెండు ముక్కలతో ఆగనని తెలిసే పిలిచారు కాబట్టి తప్పు మీదే. (నవ్వులు)

అయ్యగారు మన ఊరు వచ్చేనాటికి నేను పరికిణీ కట్టుకునే పిల్లను. ఈ చర్చికి అప్పుడు తాటాకు కప్పు. వానొస్తే అయ్యగారు ప్రసంగం ఆపకుండానే కారే చోటల్లా గిన్నెలు సర్దేవారు, అమ్మగారు తడిసిన పిల్లలందరికీ వేడి అంబలి పోసేవారు, ఆ అంబలి కోసమే మేం కావాలని తడిసేవాళ్లం. ఎంత బాగుండేవో ఆ రోజులు! గంట కూడా ఉండేది కాదు. కూర్మయ్య తాత చీపురుపల్లి స్టేషను నుంచి భుజాన మోసుకొచ్చిన రైలుపట్టా ముక్కను వేపకొమ్మకు కట్టి, దాన్నే కొట్టేవాళ్లం. ఆ ముక్కను మా నాన్న ఎర్రన్న కల్లు కోసం పాత ఇనుము కొనేవాడికి అమ్మేశాడు. మీకు తెలియని సంగతి కాదు. తెలిసి కూడా ఇన్నేళ్లలో ఒక్కరూ నా మొహాన అనలేదు, అందుకు మీకు దండాలు.

మన సంఘం పద్ధతి అతిథుల కోసం చెబుతాను. తప్పు చేసిన మనిషిని ప్రభువు బల్లకు రానివ్వం. నెలకోసారి లోపల రొట్టె, ఎండుద్రాక్ష నానబెట్టి పిండిన రసం పంచుతుంటే ఆ మనిషి బయట అరుగు మీద కూర్చోవాలి. అన్యాయం ఎవరికి జరిగిందో వాళ్లే వెళ్లి, చెయ్యి పట్టుకుని లోపలికి తేవాలి. పెద్దలు తెచ్చినా, పాస్టరు తెచ్చినా చెల్లదు. మా నాన్నను తేవలసింది కూర్మయ్య తాత. ఆయన ససేమిరా అన్నాడు.

అయ్యగారు ఆయన్ను బతిమాలలేదు, కోప్పడలేదు. అందరికీ పంచి, తన వంతు ముట్టకుండా, బయటికెళ్లి మా నాన్న పక్కన కూర్చున్నారు. మరుసటి నెలా అంతే. దేవుడి బల్ల లోపల ఉండగా మీరు బయట కూర్చోవడం ఏమిటని పెద్దలు నిలదీశారు.

"దేవుడు లోపలున్నాడని మీరనుకుంటన్నారు. ఆయన నాకంటే ముందే వచ్చి ఎర్రన్న పక్కన కూకున్నాడు. ఆయన ఎనకాలే నేనూ వచ్చాను" అన్నారు అయ్యగారు.

ఆ ఏడు కోతల పండగనాడు కూర్మయ్య తాత కర్ర పట్టుకుని బయటికొచ్చాడు. నేను గుమ్మం పక్కనే ఉన్నాను.

"కోపం తగ్గిపోనాదనుకోకు, ఎర్రన్నా. అలాగే ఉన్నాది. నీ కోసం అయ్యగోరు రొట్టి మానుకుని కూకుంటే సూడలేకపోతన్నాను. లెగు" అన్నాడు.

అలా గొణుక్కుంటూనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. మా నాన్న చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ రోజుతో కల్లు మానేశాడని చెప్పను, మానలేదు. (నవ్వులు) ఆయన ఎన్నిసార్లు జారినా అయ్యగారు అన్నిసార్లూ అదే మొహంతో పలకరించారు. తర్వాత కొన్న కంచు గంటను కన్నుమూసేదాకా మోగించింది మా నాన్నే.

ఇక అసలు మాట. కిందటి వానాకాలం నుంచి ఆ అరుగు మీద ఇంకో మనిషి కూర్చుంటున్నారు. ఇప్పుడూ ఉన్నారు. అటు తిరిగి చూడకండి, నేనే చూడలేకపోతున్నాను. నన్ను కట్టుకున్న మనిషి, పేరు నా నోట రాదు. ఖరగపూర్‌లో పనికని వెళ్లి, అక్కడ వేరే సంసారం పెట్టుకుని, నన్నూ నా కూతుర్నీ గాలికొదిలేసి, అక్కడి ఆవిడ చనిపోయాక తిరిగొచ్చారు. ఆయన్ను లోపలికి తేవలసింది నేను. నా కోపం పోనీ, అప్పుడు చూద్దామనుకున్నాను. అయ్యగారు మాత్రం ప్రతి బల్లకూ తన వంతు వదిలి ఆయన పక్కకు వెళ్తూనే ఉన్నారు. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగినా బాగుండేది, నాలుగు దులిపేసి ఊపిరి పీల్చుకునేదాన్ని.

ఈ సభ కాగానే అయ్యగారి చేతుల మీదుగా మనకు చివరి బల్ల. ఇన్నేళ్లు మనకు పంచిన మనిషి, ఆఖరి రొట్టె ముక్క కూడా తినకుండా మన ఊరు వదిలి వెళ్లిపోతే, రేపు బడిలో పిల్లలకు దేవుడి ప్రేమ గురించి ఏ మొహంతో చెప్పను? నా కోపం పోలేదు అయ్యగారూ. ఆయన్ను ఇంటి గడప తొక్కనిస్తానో లేదో నాకే తెలీదు, అది తర్వాతి సంగతి. కూర్మయ్య తాత కోపం కూడా పోలేదు కదా.

అయ్యగారూ, అమ్మగారూ, మీరు ఎక్కడున్నా చల్లగా ఉండాలి. నా వాగుడు ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. మీరు లేవకండి అయ్యగారూ, బల్ల దగ్గరే కూర్చోండి. ఈసారి అరుగు మీదికి నేను వెళ్తాను. సెలవు.