కార్పెట్ కింద

మిన్నెసోటాలో ఆ ఏడాది చేపల వేట మొదలయ్యే ఉదయం. సరస్సు ఒడ్డున ట్రైలర్ మీదున్న అల్యూమినియం పడవ తండ్రిది. అందులో తమ్ముడు పోయినేడాది పరిచిన కార్పెట్ మూల ఎత్తి చూసి, అక్క ముక్కు మూసుకుంది.

"ఛీ! ఏంట్రా ఈ కంపు?"

"తడికి కాస్త వాసనొస్తుందిలే అక్కా. ముందు ఈ సీటు చూడు, గిర్రున తిరుగుతుంది. నీళ్లలో చేపలెక్కడున్నాయో చూపించే తెర కూడా పెట్టా."

"ఆ తెర నీ మొహానికి కట్టుకో. కింద ఈ పచ్చటి చెక్కేంటి?"

"పుచ్చిపోకుండా మందెక్కించిన ప్లైవుడ్. ఎన్నేళ్లయినా చెక్కుచెదరదు."

"నిజమే, చెక్కకేం కాలేదు. ఆ మందు అల్యూమినియాన్ని తినేస్తుందని కొట్లో ఎవర్నీ అడగలేదూ? పడవ అడుగు జల్లెడైపోయింది. బయట కిందనుంచి చూడు, నా వేలు దూరిపోతోంది!"

"...పైన జిగురు పూసేస్తే?"

"సిగ్గులేదూ? ఇన్నేళ్లలో నాన్న దీనికి ఒక్క మేకు కొట్టలేదురా. ఉత్త బల్ల మీద కూర్చునే గాలం వేశాడు."

"ఆయన నడుంనొప్పి చూడలేకే కదా, ఇదంతా చేసింది!"

అక్క కార్పెట్‌ను విసురుగా వదిలేసి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుంది.

"అయితే ఆ మాట నువ్వే వెళ్లి చెప్పు. నాన్న చీకటితోనే లైఫ్ జాకెట్ తొడుక్కుని ట్రక్కులో కూర్చున్నాడు."