మేసే జీవానికి మందేంటికి

ఏమ్మా, జాతరకని నల్లమాడ నుంచి బస్సెక్కి వస్తే ఆస్పత్రికి పిల్చకచ్చినానని మొగం అట్ల మాడ్చుకుంటే ఎట్ల? కూర్చో. అమ్మవారు యాడికీ పోదులే. నీ మనవరాలు వచ్చేదాకా ఆడే ఉంటాది.

ఏందీ? పాప బాగుండాదా? ఉండాది, ఎవరు కాదన్నారు? అదో, గేటు కాడ కుక్కపిల్లను తరుముతాండాది. మోకాళ్లు వాచి మంచం దిగలేక ఏడ్చిన పిల్ల ఇదేనా అనిపిస్తాది. ఇంక నెలనెలా ఆ సూదేంటికి అంటావు, అంతే కదా?

అంటావమ్మా! నీ నోట ఆ మాట రాకుంటేనే నాకు భయం. ‘మేసే జీవానికి మందేంటికి?’ నా కీళ్లు వాచినప్పుడూ ఇదే అంటివి. గొర్రె పడుకుంటే మందు, లేచి మేత ముట్టిందంటే మందు బంద్. నన్నూ మందలో కలిపేస్తివి. ఎంత ప్రేమో!

అదీ సరిగ్గా కలిపింటే బాగుండు. వానలు పడకముందే చిటుకు రోగానికి సూది వేయిస్తాంటివే, మేసే గొర్రెలకే కదా? గొర్రెల నల్లమ్మ మందలో ఒక్కటీ చావదని ఊరంతా పేరు! ఇంట్లో ఉండే గొర్రెనే మర్చిపోతివి.

మందంటే నీకు పడదా అంటే, అదీ కాదు. తుమ్మితే ఆర్‌ఎంపీ జయరాముడు. ముక్కు కారితే జయరాముడు. ఆయప్ప ఎర్రవీ నల్లవీ మాత్రలు పొట్లం కట్టిచ్చేది. రెండు మింగి జరం తగ్గితే మిగిలినవి దాచిపెట్టి, ఎవరు దగ్గితే వాళ్లకు ఇస్తాంటివి. యాంటీబయాటిక్ అంటే ప్రసాదమా, అందరికీ పంచేకి?

అంత దానం చేసినదానివి, పెనుకొండ డాక్టరు మాట మాత్రం వినకపోతివి. గొంతు నొప్పి కీళ్లకు దిగింది, రేపు గుండెను పట్టుకుంటాది, పెద్దయ్యేదాకా ఈ పెన్సిలిన్ సూది ఆపొద్దు తల్లీ అని దండం పెట్టినంత పని చేసినాడు ఆయప్ప. అక్కరలేనివన్నీ మింగిస్తివి. అక్కరున్న ఒక్కటీ ఆపేస్తివి. శబాష్!

ఏంది గొణుగుతాండావు? సూదికి నేను ఏడ్చేది చూడలేకపోతివా? అబ్బో!

ఇట్ల దగ్గరికి రా. నా ఎదకు చెవి పెట్టు. వినపడిందా? టిక్కు టిక్కు. చెడిపోయిన వాల్వు తీసేసి మిషన్‌ది పెట్టినారు కదా, అది. ఇంట్లోకి గడియారం కొనే పనే లేదంటాడు మీ అల్లుడు. నవ్వు, ఫర్వాలేదు. నేనూ నవ్వుతా. మగ్గం ఆడేటప్పుడు ఆ సప్పుడు వినపడదు. అందుకే చీర అయిపోయినా మగ్గం దిగబుద్ధి కాదు నాకు.

అయ్యో, ఇప్పుడు ఏడుపేంటికి? కండ్లు తుడుచుకో. నిన్ను తిట్టేకి పిల్చకరాలేదు.

పాపకు సూది మొన్న సోమవారమే పడాల్సింది. వచ్చినాం, ఇదే గేటు దాకా. ‘అమ్మా, నాకేం నొప్పి లేదు, చూడు చూడు’ అని ఎగిరెగిరి చూపించింది. ఎగిరే పిల్లకు సూదేంటికి అనిపించిందమ్మా నాకు! గుండెలో ఇది టిక్కుమంటానే ఉండాది, నేను వెనక్కి తిరిగి ఐస్‌క్రీం కొనిచ్చి ఇంటికి పిల్చకపోతి.

అట్ల చూడొద్దు. నీ కూతురినే కదా, ఇంకెవరి బుద్ధి వస్తాది?

ఇను, పిలుస్తాండారు. చౌడేశ్వరి కూతురు వెన్నెల... మనమే. లే. లోపలికి నువ్వే తీసకపో. ఎగిరిపడే పొట్టేళ్లను ఒంటి చేత్తో పట్టినదానివి, ఆ పిల్లను పట్టుకోలేవా? నా చేతిలో పెడితే నేను మళ్లా ఇంటికి పిల్చకపోతా. ఆ బుద్ధి నాకు బాగా తెలుసు.

పో. ఏడుస్తాది, అవ్వా అని గట్టిగా అరుస్తాది. అరచనీ.

నన్ను వదిలినట్ల వదలొద్దు.