వంతులు పంచిన బావ

ఫ్యాక్టరీ గేటు పక్క టీ కొట్టు దగ్గరికి బామ్మర్ది రొప్పుతూ వచ్చేసరికి, బావ అప్పటికే కాలు మీద కాలేసుకుని గొప్పలు మొదలుపెట్టేశాడు. కొత్త లైనుకు ఇన్‌చార్జిని చేసే విషయం మాట్లాడాలి, నేను కారెక్కేలోపు మీ బావని పిలుచుకురా అని మేనేజరు బామ్మర్దిని పంపాడు. అక్క ఎన్నాళ్ళుగానో కాచుక్కూర్చున్న ప్రమోషన్ అది.

“బావా, ఒక్క మాట...”

“ఉండరా, అసలు సంగతిలో ఉన్నాను. ఏం చెబుతున్నానూ? ఆఁ, జ్యూసు సీసాలు నింపే లైను. మెషీన్లన్నిటికీ కలిపి ఒకటే వైరు. సీసాల ఫొటోలు తీసే కెమెరా ఉంది చూశారూ, ఆ వైరంతా అదొక్కటే వాడేసుకునేది. పాపం వాల్వుకి ‘సీసా నిండింది, మూసుకో’ అన్న కబురు అందేసరికి జ్యూసంతా నేలపాలు. నేనేం చేశాను? వంతులు పెట్టాను. ముందు వాల్వు, తర్వాత మోటారు, ఆఖర్న కెమెరా. వంతు రానిదే ఎవడూ నోరెత్తకూడదు! ఆ తర్వాత చుక్క ఒలికితే ఒట్టు.”

“అది నిజమే, నేను చూశాను,” అన్నాడు వెల్డరు.

“ఇంకా ఏమైందో తెలుసా? ఆ వంతుల్ని ఎంత బిగించానంటే, కబురు బయల్దేరకముందే చేరిపోయేది! సీసా రాకముందే మూత వచ్చి గాల్లో నిలబడి దానికోసం ఎదురుచూసేది.”

“అమ్మో!” అంది టీ పోసే పిన్ని.

“బావా, మేనేజరు...”

“ఆయనా నోరెళ్ళబెట్టాడురా! ఇక వైరులో బోలెడు చోటు మిగిలిపోయింది. పారేయలేం కదా, ఊళ్ళో సిగ్నల్ లైట్లకిచ్చాను. ఆ రోజు ఊరు మొత్తమ్మీద ఒక్కడు బ్రేకు తొక్కలేదు. అది చూసి మబ్బులు దిగొచ్చి, అయ్యా, ఒకరి మీద ఒకరం పడి కురుస్తున్నాం, మాకూ వంతులు పెట్టండని కాళ్ళావేళ్ళా పడ్డాయి. పెట్టాను!”

“బావా, కారు...”

“కారు సంగతి తర్వాత. అన్నిటికంటే గొప్పది వినండి. ఎంత రద్దీ ఉన్నా సరే, అర్జెంటు కబురు కోసం ఒక సందు ఎప్పుడూ ఖాళీగా ఉంచుతాను. ఈ తెలివి ఇంకెవడికైనా ఉందా?”

గేటు తెరుచుకుంది. మేనేజరు కారు దుమ్ము రేపుకుంటూ వాళ్ళ ముందు నుంచే వెళ్ళిపోయింది. బామ్మర్దికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

బావ గొంతు తడుపుకుని దర్జాగా తలెగరేశాడు. “ఇప్పుడు చెప్పరా, నీ వంతు.”

“ఇంకేం చెప్పను? ఇన్‌చార్జి పని నీకిద్దామని మేనేజరు గారు వెంటనే రమ్మన్నారు. ఇప్పుడు వెళ్ళింది ఆయన కారే. మబ్బులకి కూడా వంతిచ్చావు, నాకొక్క సందు ఇవ్వలేదు. నీకంటే ఆ కెమెరాయే నయం బావా, ఫొటోలైనా పంపేది. ఈ కబురు అక్కకి నువ్వే చెప్పుకో. అక్కడ నీ వంతు ఎప్పుడొస్తుందో మరి!”