గట్టు అవతలి వరి

రేపు పొద్దున విల్లియనూరులో సత్తిరాజు తన పొలంలో నిలబడి, పైరుతో సహా ఫొటో దిగాలి. వ్యవసాయ శాఖ నుంచి మధ్యాహ్నం ఫోనొచ్చింది. వరి వేసే రైతులకిచ్చే సాయం మూడు పంటలుగా ఆయన ఖాతాలో పడుతోంది. నేలలో విత్తనం మాత్రం ఒక్క పంటకీ పడలేదు. అక్కడ పెరిగేది తుమ్మ.

యానాం నుంచి పుదుచ్చేరికి బదిలీ మీద వచ్చిన సర్కారు గుమాస్తా ఆయన. పట్టుబడితే ఉద్యోగం ఊడుతుంది. గట్టు దాటితే అణ్ణామలై పొలం. ఫొటో రోజున సత్తిరాజు గట్టు దాటి, ఆ పైరులో నిలబడతాడు. ఈ సంగతి తామిద్దరికే తెలుసని ఆయన నమ్మకం.

భయమేస్తే కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు. సత్తిరాజు తనని తాను తలుచుకుంటాడు. ముత్తియాల్‌పేటలో చిన్నపొన్ను టీ కొట్టు బెంచీ మీద కూర్చుని మొదలెట్టాడు. పక్కనే అణ్ణామలై ఆయన కొనిచ్చిన వడ తింటున్నాడు.

"పోయిన పంటకి నా వరి నడుం దాకా వచ్చిందండి. మామూలే. ఆఫీసరు చూద్దామని దిగాడు. భుజాలు మునిగాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? టోపీ ఒక్కటే తేలింది."

"ఆయన పొట్టోడేమోలే అన్నా," అన్నాడు ఆటో కుమరేశన్.

"ఆరడుగులయ్యా."

జేబులో ఫోను మోగింది. వ్యవసాయ శాఖ నంబరు. సత్తిరాజు ఎత్తలేదు. వరి ఇంకో రెండు బారలు పెరిగింది.

"కొబ్బరికాయలు దింపేవాణ్ణి పిలిచి కంకులు కోయించానండి. వాడు పైకెక్కి, 'సార్, సముద్రం కనపడతా ఉంది' అని ఒకటే కేక. ఆఫీసరు ఎప్పటికో బయటపడ్డాడు, గడ్డం పెరిగి. లోపల పచ్చి వడ్లు నమిలి బతికాడట. నా కాళ్లు పట్టుకుని, 'రాజుగారూ, మీకు సర్కారు సాయమేంటండి, సర్కారుకే మీరు సాయం చెయ్యాలి' అన్నాడు."

"చేసినారా?" అడిగింది చిన్నపొన్ను.

"చేశానక్కా. ఆ నెల పుదుచ్చేరిలో ఉడికిందంతా నా బియ్యమే."

"అందుకేనా, మాకు గొంతు దిగలేదు."

కుమరేశన్ గ్లాసు దించాడు. "అంత పైరులో నిలబడితే ఫొటోలో మీరు యాడ కనపడతారన్నా?"

సత్తిరాజు బెంచీ మీంచి లేచాడు. గొంతు ఇంకాస్త పెంచాడు. "నేను దిగితే పైరే పక్కకి వంగి దారిస్తుందయ్యా. రేపొద్దున ఫొటో ఉంది, వచ్చి చూసుకోండి."

అణ్ణామలై చేతులు తుడుచుకున్నాడు. "రేపేంది సార్? వచ్చే వారమని కదా చెప్పినారు?"

"ముందుకి జరిపారు."

"నాకో మాట చెప్పకూడదా? కోత మిషన్ దొరికిందని నిన్ననే కోయించేస్తిని. గట్టుకి ఆ పక్క నా వరి మోళ్లు, ఈ పక్క మీ తుమ్మలు. దేంట్లో నిలబడతారో మీ ఇష్టం."

కుమరేశన్ ఇప్పుడు పగలబడి నవ్వుతాడని సత్తిరాజు తల దించుకున్నాడు.

నవ్వు వినపడలేదు. తలెత్తి చూస్తే కుమరేశన్ మొహం పాలిపోయి ఉంది.

"అణ్ణా," అన్నాడు మెల్లగా అణ్ణామలైతో, "మరి నా ఫొటోకి నేను యాడ నిలబడేది?"

పొలమన్నాక నాలుగు గట్లుంటాయి. మూడో గట్టు పక్క నేల గల చిన్నపొన్ను స్టవ్ ఆపేసి, వచ్చి బెంచీ మీద కూలబడింది.