ఒక్క గుక్క మింగితే

పొద్దున్నే ఫోను. నీటి పరీక్షల గదిలో భార్య. సముద్రపు ఒడ్డున, ఈతగాళ్లకు కాపలా కాసే భర్త.

“ఎర్రజెండా ఎగరేశావా?”

“ఎగరేశా.”

“అందరూ బయటికొచ్చారా?”

“వచ్చారు. దాదాపు.”

“దాదాపేంటి? రాత్రి వానకి మురుగుకాలవ పొంగి సముద్రంలో కలిసిందని చెప్పానా లేదా?”

“చెప్పావు. నీ కొత్త మిషనే పొరపాటు పడిందేమో.”

“రెండోసారీ చూశా. అదే వచ్చింది.”

“పాత పద్ధతే నయం. ఇవాళ్టి నీళ్ల సంగతి రేపు తెలిసేది. ఈలోగా జనం హాయిగా ఈదేవాళ్లు.”

“మర్నాడు హాయిగా కడుపు పట్టుకుని కూర్చునేవాళ్లు. అందుకే కదా ఈ మిషను తెప్పించింది.”

“సరే గానీ, ఊరికే అడుగుతున్నా. ఒక్క గుక్క మింగితే ఏమవుతుంది?”

“ఎవరు మింగారు?”

“ఎవరూ మింగలేదు. ఒకవేళ మింగితే అని.”

“నువ్వా?”

“నేనెందుకు మింగుతాను? కాపలా కాసేవాణ్ణి.”

“మరి నీళ్లలో ఇంకా ఎవరున్నారు?”

“ఒక పెద్దావిడ. పిలుస్తున్నా, రావడం లేదు.”

“ఏ పెద్దావిడ?”

“రోజూ వస్తారులే. కాస్త ఈత నేర్పుతున్నా.”

“రోజూనా? నాకు చెప్పనేలేదే.”

“చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు.”

“ఒట్టు దాకా వచ్చిందా వ్యవహారం?”

“అబ్బే, నాతో మాట్లాడను కూడా మాట్లాడరు. ‘చెయ్యి వదలొద్దని ఆ అబ్బాయికి చెప్పండి’ అని పక్కన ఈదేవాళ్లకి చెబుతారు. వాళ్లు నాకు చెబుతారు.”

“ఆగు.”

“ఆగాను.”

“ఎదురుగా మనిషిని పెట్టుకుని పక్కవాళ్లతో చెప్పించేది నాకు తెలిసి ఒక్కరే.”

“అదే మరి.”

“మా అమ్మా?”

“నేను చెప్పలేదు. నువ్వే కనుక్కున్నావు. ఒట్టు నా మీద లేదు.”

“మన పెళ్లైన దగ్గర్నుంచీ నిన్ను అల్లుడని ఒక్కసారి అన్న పాపాన పోని మా అమ్మా? పొద్దున్నే పార్కులో నడకకి వెళుతున్నానని చెప్తోందే.”

“పార్కులో నడిస్తే జుట్టు తడుస్తుందా? నువ్వైనా చూసుకోవద్దూ?”

“ముందు బయటికి లాగు.”

“నా మాట వినరు కదా. చెప్పేవాళ్లు ఉండాలి. వాళ్లంతా నీ జెండా చూసి ఒడ్డెక్కేశారు.”

“నువ్వు చెయ్యి పట్టుకోకపోతే అమ్మ ఎలా ఈదుతోంది?”

“అదే చెబుదామంటే వినవు. చెయ్యి వదిలేశారు. ఇవాళే మొదలు. ఒంటరిగా, అడ్డంగా, చేపలా. చూస్తుంటే నాకే ముచ్చటేస్తోంది.”

“మురిసిపోవడం తర్వాత. మింగిన మనిషిని తీసుకుని డాక్టరు దగ్గరికి పద.”

“వస్తున్నారు, వస్తున్నారు. ఇదిగో ఒడ్డెక్కారు. అత్తయ్యా, మీ అమ్మాయి... అయ్యో, ఫోను తడుస్తుందండీ...”

“అమ్మా? ఎంత మింగావు?”

“నేనెందుకు మింగుతానే? నోరు మూసుకుని ఈదడం నేర్పించింది ఇతనే కదా. నన్ను రమ్మని నడుం లోతులో నించుని నోరంతా తెరిచి అరిచాడు, అల వచ్చి నెత్తి మీద పడింది. నువ్వేమీ అనకు, బెదిరిపోయి ఉన్నాడు. మా అల్లుణ్ణి డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాలే.”