తగల్లేదు వదినా!

ఆదివారం ఆటంటే బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక వీరుణ్ణి నడిపిస్తూ, పాచికలు వేసి కథ చెప్పుకునే ఆట. అది మొదలవడానికి ఇంకా గంట ఉంది. కథ నడిపించే మరిది మాత్రం అందరికంటే ముందే ఊడిపడి, కుట్టుమిషను దగ్గరున్న వదిన చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"అది కాదు వదినా, ముందా మిషను ఆపు."

"వినేది చెవులతో, కుట్టేది కాళ్ళతో. చెప్పు."

"గండరగండడి సంగతి."

"నా వీరుడేం చేశాడు?"

"ఏం చేశాడా! పోయిన వారం రాక్షసుడు గుహలోంచి వచ్చి ఆవలించేలోపే నరికేశాడు. ఎన్నాళ్ళు కూర్చుని తయారుచేసుకున్నానో ఆ రాక్షసుణ్ణి!"

"పాపం."

"నవ్వకు. కళ్ళద్దాల షాపాయన ఇక రానంటున్నాడు. 'మీ వదినగారొక్కరే ఆడితే చాలుగా, మేమెందుకు, చప్పట్లు కొట్టడానికా?' అన్నాడు. డ్రైవరుదీ అదే పాట. ఈరోజు తేల్చకపోతే ఆట మూతపడ్డట్టే."

"ఈ సూదిలో దారం ఎక్కించు."

"వదినా!"

"ఎక్కించవయ్యా, కనపడి చావట్లేదు."

"ఇదిగో... ఇప్పుడు విను. వాడి కవచం వదిలెయ్. పోనీ, ఆ మంత్రాల కత్తయినా వదిలెయ్. దొంగలెత్తుకుపోయారని కథలో నేనేదో సర్దుతా."

"కవచం ఎవరిచ్చారు?"

"నేనే."

"కత్తి?"

"నేనే. నువ్వడిగావని..."

"నేనడగలేదు."

"అడగలేదా?"

"ఎప్పుడూ అడగలేదు. మీ అన్నయ్య ఆడినన్నాళ్ళూ గండరగండడికి ఉన్నది ఒక చేతికర్ర, ఒక చిల్లుల డాలు. ఆయన పోయాక వాణ్ణి తెచ్చి నా చేతిలో పెట్టావు. అప్పట్నుంచీ వారానికో వరం."

"అన్నయ్య తయారుచేసిన మనిషి కదా అని..."

"కదా అని?"

"ఏముంది... కాస్త గట్టిగా ఉండాలని."

"ఆటలో మా మీదికి ఎవరైనా కత్తి ఎత్తితే, దెబ్బ తగిలిందో లేదో తేల్చే పాచిక నువ్వు వేస్తావు. అట్ట అడ్డం పెట్టుకుని. వేసి, 'తగల్లేదు వదినా' అంటావు. ప్రతిసారీ."

"తగలకపోతే తగల్లేదనేగా అంటాను!"

"తగిలినప్పుడు నీ చెవులు ఎర్రబడతాయి."

"నా చెవులా?"

"నేను కాపురానికొచ్చేనాటికి నీకు పాలపళ్ళు ఊడుతున్నాయి. ఆ చెవుల సంగతి నాకు కొత్తా?"

"సరే, తగిలింది. చాలాసార్లు తగిలింది. ఏం చెయ్యమంటావ్? వాడు కూడా పోతే నువ్వేమైపోతావోనని..."

"ముందు కూర్చో. నువ్వు తిరుగుతుంటే నా కళ్ళు తిరుగుతున్నాయి."

"కూర్చోను. కవచం తీస్తే వాడు చస్తాడు, తియ్యకపోతే ఆట చస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి."

"ఆసుపత్రిలోనూ ఇలాగే తిరిగావు."

"ఇప్పుడదెందుకు వదినా?"

"గదిలోంచి బయటికొచ్చి, తలుపు మూసేసి, 'ఏం కాలేదు వదినా, అన్నయ్య నిద్రపోతున్నాడు, నువ్వెళ్ళి కాసేపు నడుం వాల్చు' అన్నావు. ఎర్రటి చెవులతో."

"నువ్వు తట్టుకోలేవని..."

"వెళ్ళాను. చెవులు చూసి కూడా వెళ్ళాను. నీ మాటే నిజమైతే బాగుండుననిపించింది. తిరిగొచ్చేసరికి మొహం మీదిదాకా దుప్పటి కప్పేశారు."

"వదినా, ఆ రోజు నేను..."

"నిన్ను తిట్టట్లేదురా. చిన్నవాడివి, నీకు మాత్రం ఏం తెలుసు? ఈరోజు ఆ అట్ట తీసెయ్. పాచిక బల్ల మీద, అందరికీ కనపడేలా వెయ్. కవచం, కత్తి రెండూ వదిలేస్తున్నా."

"చచ్చిపోతాడు వదినా."

"పోతే పోనీ. ఈసారి నేను పక్కనే ఉంటాగా."