ఓటు లేని మెంబరు

ఉక్కు ప్లాంటు పక్కనున్న ఖుర్సీపార్ బస్తీలో మొదటి షిఫ్టు దిగినవాళ్ళు టీకొట్టు గోడకి సైకిళ్ళు ఆనించారో లేదో, పరబ్రహ్మం ఢిల్లీ కబుర్లు మొదలెట్టేశాడు. టీ మరిగిస్తున్న సింహాచలమ్మకి ఒళ్ళు మండింది. బడిలో తెలుగు మేష్టారు రిటైరయ్యాక ఇంకొకరు రాలేదు. మనవరాలు ఛాయకి తెలుగులో తన పేరు రాసుకోవడం కూడా రాదు. ఒక మేష్టార్ని ఇప్పించమని ఢిల్లీలో అడిగి రమ్మని తెలుగు సంఘంవాళ్ళు చేతులెత్తి ఎన్నుకుని పంపింది ఈ పెద్దమనిషినే. వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఒక్క సంగతీ తప్ప అన్నీ చెబుతున్నాడు.

"ఎంపీగారికి ఓ నమస్కారం ఎట్టీసి వచ్చీద్దారనే ఎల్లినాను. ఆయనేటన్నాడో తెల్సా? 'పరబ్రహ్మం భయ్యా, ఆంధ్రా బయటున్న తెలుగోళ్ళకి పార్లమెంటులో ఓ సీటెట్టినాం, ఓటుండదు, మాటాడ్డమే, ఇయ్యాలే ఎలక్షను, నిలబడిపో' అన్నాడు. నిలబడిపోనాను!"

"ఒక్కరోజులోనేటి?" అన్నాడు షిఫ్టు దిగొచ్చిన నరసింగరావు.

"ఒక్క పూటలో! ఖరగ్‌పూర్ నుంచి బొంబాయి దాకా రైళ్ళాపీసి మరీ ఓట్లేసినారు, నా మీద నిలబడినోడు కూడా నాకే ఏసీసినాడు. ఆ తర్వాత ఏటైందో తెల్సా?"

"మేష్టారి సంగతి అడిగేవా?" అంది సింహాచలమ్మ.

"అక్కడికే వస్తన్నాను పిన్నీ, ఆగు. పొద్దున్న లేచి మాటాడ్డం మొదలెడితే దీపాలెట్టేదాకా తెలుగులోనే! ఒక్క ముక్క అర్థంకాకపోనా సబ్ లోగ్ ఏడ్చీసినారు. స్పీకరు కుర్చీ దిగొచ్చి మంచినీళ్ళిచ్చినాడు. ఆఖరికి ప్రధానమంత్రే నా చెయ్యట్టుకుని, 'దేశం నువ్వు చూసుకో, నానింటికెల్లిపోతాను' అన్నాడు. ప్లాంటులో డ్యూటీ ఉందనీసి నానే ఒద్దన్నాను!"

అందరూ పకపకా నవ్వారు. సింహాచలమ్మ టీగిన్నె ఠపీమని దించింది.

"మేష్టారొస్తాడా, రాడా?"

పరబ్రహ్మం గొంతు తగ్గింది. "అదే మరి... నాకు ఓటు లేదు కదా పిన్నీ. ఓటు లేనోడి మాట ఎవులింటారు?"

ఆవిడకి కోపంతోపాటు ఏడుపూ వచ్చింది. "ఓటు లేదు సరే బావూ, నోరుంది కదా! నువ్వసలు ఢిల్లీయే ఎల్లలేదు. ఆ నాలుగురోజులూ ఈ పక్కనే కుమ్హారిలో మీ తోడల్లుడి కూతురి పెళ్ళిలో ఉన్నావు. అక్కడ వంట చేసింది మా మరిదే. పనసపొట్టు కూర ఇంకా వెయ్యి, ఇంకా వెయ్యి అని అడిగడిగి వేయించుకున్నావట. కూర అడగడానికి లేచిన నోరు, పిల్లలకి మేష్టార్ని అడగడానికి లేవలేదేటి?"

పరబ్రహ్మం తలొంచుకుని గ్లాసులోకి చూశాడు.

"ఆదివారం సంఘంలో నా పేరు చెప్పండి," అంది సింహాచలమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "ఓటూ వద్దు, సీటూ వద్దు. అడిగొస్తాను."

నరసింగరావు ఆదివారం దాకా ఆగలేదు. టీగ్లాసు పట్టుకున్న చెయ్యే పైకెత్తాడు.